దొర శవం

లాలు అద్దం ముందు కూర్చుని తెల్లదొర అవుతున్నాడు. టాల్కం పౌడరు అరచేతిలో ఒంపుకుని, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ముద్దగా కలిపి మొహానికి మెత్తుకున్నాడు. చెవుల వెనక, మెడ కింద, చేతులకు గోళ్ళ దాకా. నల్లటి మనిషికి తెల్లదొర వేషమేమిటని ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు. శవానికి ఆమాత్రం చాలనుకున్నారు కాబోలు. కాళ్ళకు వదులైన బూట్లు తొడిగి, చొక్కా మీద ఎర్రరంగు కొత్తగా పూసుకుని, బల్ల పక్కన నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. కుడిచేతి గుప్పిట్లో చిన్న ఇత్తడి తాళంచెవి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఖమ్మంలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉంది ఈ ఎస్కేప్ రూమ్. ‘కాలరీ దొర హత్య’ అని బోర్డు, కాలరీ అంటే బొగ్గుబాయి. నిజాం కాలంలో బొగ్గుబాయి పక్క బంగళాలో ఒక ఇంగ్లీషు దొరను ఎవరో పొడిచి చంపారట. అట్లాంటి దొరా లేడు, అట్లాంటి హత్యా జరగలేదు. అదంతా ఎర్రుపాలెం నుంచి వచ్చి ఈ వ్యాపారం పెట్టిన జయప్రకాశ్ కూర్చుని అల్లిన కథ. అయితే జనానికేం, జట్టుకట్టి వస్తారు. లోపలికి పంపి బయట తాళం వేస్తాడు. గడువులోగా ఆధారాలు వెతికి, హంతకుడెవరో తేల్చి, తలుపు తెరుచుకుని, అందరూ వరండాలోకి వచ్చి అక్కడ వేలాడదీసిన బెల్లు కొట్టాలి. కొడితే గోడమీద ఫొటో. కొట్టకపోతే వచ్చిన దారినే ఇంటికి.

వచ్చినవాళ్ళకు లాలు గదిలో సామాన్లలో ఒక సామాను. పొద్దున వచ్చిన కాలేజీ పిల్లలు చంకలో చక్కిలిగింతలు పెట్టారు. మధ్యాహ్నం బ్యాంకువాళ్ళలో ఒకావిడ తన హ్యాండుబ్యాగు అతని పొట్టమీద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని వెతుక్కుంది. తలుపు తెరుచుకోగానే కేకలేసుకుంటూ ఉరికారు. ఊపిరి సన్నగా పీలుస్తూ, దురద పుట్టినా ఓర్చుకుంటూ లాలు పడే ఉన్నాడు. జట్టు మెట్లు దిగి పోయేదాకా శవం కన్ను తెరవకూడదు, నోరు విప్పకూడదు. జయప్రకాశ్ మొదటిరోజే పెట్టిన షరతు అది. లాలు ఒక్కనాడూ తప్పలేదు.

టేకులపల్లి దగ్గర అతని తండాలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. బతికున్న మనిషి చచ్చినట్టు పడుకుంటే ఇంటికి కీడని వదిన బాలి గట్టిగా నమ్ముతుంది. అందుకని సెక్యూరిటీ పని అని చెప్పుకున్నాడు. నిజం తెలిసింది భార్య రూప్లికి ఒక్కదానికే. సాయంత్రం కిరాయి గదికి చేరేసరికి ఆమె అన్నం వడ్డిస్తూ, “ఇయ్యాల ఎన్నిసార్లు సచ్చినవ్?” అని అడిగి పకపకా నవ్వేది. ఆమె జ్వరంతో పోయింది. అప్పటినుంచి తండాకు పోతే అబద్ధమాడాలి, గదికి పోతే మాట్లాడే దిక్కు లేదు. ఒక్కోరోజు అతనికి తన గొంతు తనకే వినపడేది కాదు. ఒంటరితనమంటే అదే మరి, ఇంకో పేరు పెట్టడమెందుకు?

ఆ శవం పనికి కూడా ఇవాళే ఆఖరు. హైదరాబాదు నుంచి రబ్బరు బొమ్మ వస్తోంది. “ఏమీ అనుకోకు లాలూ. బొమ్మయితే టీకి లేవదు కదా,” అని జయప్రకాశ్ నవ్వాడు. చెడ్డవాడేం కాదు, తోచింది అనేశాడు. లాలు కూడా నవ్వాడు. లోపల మాత్రం అతనికి ఒకే ఒక్క కోరిక మిగిలింది. ఇంతమంది వచ్చి పోయారు, గుప్పిట విప్పారు, జేబులు తడిమారు, ఒక్కరూ పేరడగలేదు. పోయేముందు ఎవరైనా ఒక్కసారి అడిగితే, లాలు అని చెప్పి వెళ్ళిపోవాలి. అంతకు మించి ఏమీ వద్దు.

సాయంత్రం ఆఖరి జట్టు వచ్చింది. ఇల్లందు నుంచి నలుగురు ముసలివాళ్ళు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్ళు. పెద్దాయన ప్రభాకర్ ఒకప్పుడు సర్దారు. తన కింద బాయిలోకి దిగినవాళ్ళను లెక్కపెట్టి దింపి, లెక్కపెట్టి పైకి తేవడం ఆయన పని. కూతురు సరదాగా టికెట్లు కొనిచ్చిందట. గడప దాటకముందే ఆయన, బాయిలో పైకప్పు కూలేట్టుందేమో చూసే పాత అలవాటుతో, చేతికర్ర పైకెత్తి గది కప్పును టకటకా కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

“కప్పు మంచిగనే ఉన్నది. రాండ్రి,” అన్నాడు.

కళ్ళు మూసుకునే ఉన్న లాలు ఆ చప్పుడు విన్నాడు. నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

వాళ్ళు తీరిగ్గా వెతికారు. గోడమీది పటం వెనక చూశారు, దొరసాని ఉత్తరం చదివి దొర గుణాన్ని తిట్టారు, వంటవాడి మీద అనుమానపడి కాసేపు వాదులాడుకున్నారు. ప్రభాకర్ లాలు పక్కన మోకాళ్ళమీద కూర్చుని గుప్పిట మెల్లగా తెరిచాడు. తాళంచెవి తీసుకుని, ఆ వేళ్ళను మళ్ళీ ముడిచి, చేతిని ఛాతీమీద పెట్టాడు. “చెయ్యి సల్లగైంది పాపం,” అన్నాడు. రూప్లి పోయాక లాలు చేతిని ఎవరూ అట్లా పట్టుకోలేదు.

ఆఖరికి తలుపు తెరుచుకుంది. గడువు ఇంకా కాస్త ఉంది. ముగ్గురు గడప దాకా పోయారు. ప్రభాకర్ అక్కడ ఆగి, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు.

“ఇంకొకడు లోపట్నే ఉన్నడు.”

గోడకున్న స్పీకరులోంచి జయప్రకాశ్ గొంతు వచ్చింది. “అతను మా మనిషేనండీ, శవం. మీరు బయటికొచ్చి బెల్లు కొట్టండి సార్, టైమైపోతోంది.”

“శవమైతే ఏంది? బాయిల మనిషిని ఇడిసిపెట్టి మేం పైకి రాం. పట్టుండ్రి.”

మిగతా ముగ్గురూ వెనక్కి వచ్చారు. ఇద్దరు చంకల కింద, ఇద్దరు మోకాళ్ళ కింద చేతులేసి, ఆయాసపడుతూ లేపారు. “తల జాగ్రత్త,” అన్నాడెవరో. నేల వీపును వదిలింది. లేచి నడవగలనని చెప్పొచ్చు. చెబితే దింపేస్తారు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు పౌడరు మీదుగా చెవుల్లోకి కారాయి. వాళ్ళు గడప దాటుతుండగా గడువు అయిపోయిందని సైరను మోగింది.

“ఓడిపోయారు సార్,” అంది స్పీకరు.

“కానియ్,” అన్నాడు ప్రభాకర్.

వరండాలో బల్లమీద పడుకోబెట్టారు. పెద్దాయన భుజంమీది తువ్వాలు తీసి, చుట్టచుట్టి, లాలు తలకింద పెట్టాడు. ముఖంమీదికి వంగాడు.

“తమ్మీ, నీ పేరేంది?”

పేరు గొంతు దాకా వచ్చింది. కానీ శవం కన్ను తెరవకూడదు, నోరు విప్పకూడదు. ఆ అలవాటు అతని ఎముకల్లో దిగిపోయింది. దానికి తోడు గొంతులో ఏడుపు ఉంది. నోరు తెరిస్తే పేరు కాదు, అదే బయటపడుతుంది. ఒక్క క్షణం ఓర్చుకుని చెబుదామనుకున్నాడు.

“డ్యూటీల ఉన్నడురా, పలకడు. పోనీ, జర పండుకోనియ్‌రి,” అన్నాడు ప్రభాకర్.

చేతికర్ర చప్పుడు మెట్లు దిగి, కింద రోడ్డు మీదికి పోయి, ఇక వినపడలేదు. లాలు లేచి, వదులు బూట్లతో తూలుతూ కిందికి ఉరికాడు. వాళ్ళెక్కిన ఇల్లందు బస్సు అప్పటికే మూల తిరుగుతోంది. దుకాణం ముందు జనం తెల్లదొరను చూసి నవ్వారు. “లాలు,” అన్నాడు అతను, వెళ్ళిపోతున్న బస్సు వైపు. పక్కవాడికి కూడా వినపడలేదు.

మొహం కడుక్కుని, సొంత చొక్కా వేసుకుని వచ్చేసరికి జయప్రకాశ్ బొమ్మ డబ్బా విప్పుతున్నాడు.

“సార్, ఆ ముసలాయన తువ్వాల మరిసిండు. ఒకవేళ దానికోసం మల్ల వస్తే, నా పేరు లాలు అని చెప్పుండ్రి.”

“అలాగేలే,” అన్నాడు జయప్రకాశ్ తలెత్తకుండా.

లాలు తువ్వాలును ముట్టుకోలేదు. ముట్టుకుంటే వెంట తీసుకుపోవాలనిపిస్తుందని భయం. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బల్లమీద ఆ తువ్వాలు చుట్ట అట్లాగే ఉంది, నడుమ తల ఆనినచోట గుంట, దాని చుట్టూ తెల్లగా పౌడరు.