మరకత లింగానికి చింతపండు

మా ఆయన చంద్రశేఖరం గారు బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. లోకంలో ఆయనకి తెలియనిది లేదు, గిన్నెలు తోమడం తప్ప. కాశీలో ఎవడో చెప్పాడని అరచేతిలో పట్టే లింగం కొనుక్కొచ్చి, మరకతమంటూ తెనాలంతా చాటారు. ముదురాకుపచ్చ మీద లేతాకుపచ్చ చారలు, ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు. పట్టుకుంటే బరువుగా, చల్లగా ఉంటుంది. అందమా, కాదనను.

రోజూ పంచామృతాభిషేకం, ఆయనకో గరిటెడు తీర్థం. నెల తిరక్కుండా పొద్దుటిపూట వాంతులు పట్టుకున్నాయి. ముగ్గురు డాక్టర్లకి చూపించినా ఏమీ తేలలేదు. మనిషి సగమైపోయారు. నాకు భయం వేసి, నలభై రోజులు పెరుగభిషేకం మొక్కుకున్నాను. కొల్లిపర నుంచి గేదె పెరుగు తెప్పించాను. నమకం, చమకం అయ్యేదాకా లింగం అందులో మునిగే ఉండేది. నాకు పెరుగు పడదు కాబట్టి ఆ తీర్థమంతా ఆయనకే. వాంతులు రెట్టింపయ్యాయి.

మొన్న ఆదివారం చింతపండుతో రాగిచెంబులు తోముతూ, అలవాటు చొప్పున లింగాన్నీ రుద్దేశాను. సన్నగా నురగ లేచింది. మెరుపు పోయింది. చింతపండు పచ్చబడింది.

"ఓరి నాయనో, ఇది చిలుము!" అన్నాను.

బాపట్లలో జియాలజీ చెప్పే నా మేనకోడలు మేధకి వీడియోలో చూపించాను.

"అత్తయ్యా, అది మాలకైట్. రాగి ఖనిజం. మంచి మరకతంలోంచి వెలుతురు కనిపిస్తుంది, చింతపండుకి చెక్కుచెదరదు. దీనికి పులుపు తగిలితే రాగి దిగుతుంది. మావయ్యకి ఆ తీర్థం ఆపించి, వెంటనే డాక్టరుకి చెప్పండి" అంది.

ఆయన వింటేగా! "శివుణ్ణి చింతపండేసి తోముతావా?" అని లేచారు.

"కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసుంచితే ఏమవుతుందండీ?"

"చిలుమెక్కుతుంది. తింటే వాంతు..." అని ఆగిపోయారు.

ఈ వీధి కోడళ్ళందరికీ ఆ పాఠం చెప్పింది నేనే. ముప్ఫై ఒక్క రోజులు, నా చేత్తో నేనే పోశాను. ఏడుపు ఆగలేదు.

"ఊరుకో నాగేశ్వరీ. మిగిలిన తొమ్మిది రోజులూ ఉత్త నీళ్ళతో చేద్దాం, ఎవరం తాగొద్దు. ముందు స్టీలు గ్లాసులో ఇంత మజ్జిగ పొయ్యి."

డాక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పి, డాక్టరు సరేనన్నాకే మజ్జిగ పోశాను. మధ్యాహ్నందాకా ఎదురుగానే కూర్చున్నాను. మజ్జిగ కడుపులో నిలిచింది.