చర్చిలో రాసిన చీటీ

"మెదక్ చర్చి మీద నువ్వు రాసిందంతా నా టేబుల్ మీద పెట్టెయ్. బెంగళూరు సెమినార్లో చదివేస్తాను. ఎవరి పేరుంటే ఏమిటి, ఇంటి గౌరవమేగా!" అన్నాడు రవికాంత్, రెండో పెసరట్టు కోసం చూస్తూ. యూనివర్సిటీలో హిస్టరీ ప్రొఫెసర్ ఆయన. అదే శాఖలో పీహెచ్‌డీ చేస్తూ, తార్నాక ఇంట్లో వంటా, ఆయన వ్యాసాల టైపింగూ చూసుకునేది ఆయన భార్య సుప్రజ. ఆరేళ్లలో ఆమె రాసినవెన్నో ఆయన పేరున వెళ్లిపోయాయి. ఇది మాత్రం ఆమె థీసిస్‌కి ప్రాణం. ఇచ్చేస్తే తనకంటూ ఇంకేం మిగలదు. ఆ ముక్క అనడానికి నోరు పెగిలితేనా! చర్చిని ఒక్కసారి కళ్లారా చూసొచ్చి ఇస్తానంది.

వెళ్లడమెలా? తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సులన్నీ బంద్. హాస్టల్ మెస్‌లో వండే లచ్చవ్వ ఆదుకుంది. ఆమెది మెదక్ పక్క ఊరే.

"మా తమ్ముని జీపు పోతున్నది, కూసో మేడం. ఆంధ్రామె అని ఎవలన్నా అడ్డమొస్తే నేను జవాబు చెప్త" అంది. ఎవరూ అడ్డం రాలేదు. దారిలో ఒక సమ్మె శిబిరం దగ్గర జీపాపి మరీ చాయ్ తాగించారు. సుప్రజకి మనసు నిండిపోయింది.

చెప్పులు విప్పి, కొంగు కప్పుకుని లోపలికి వెళ్లారు. రంగు అద్దాల వెలుగు నేల మీద పడుతోంది. కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించిన చర్చి అని సుప్రజ చదివిందే. కానీ లచ్చవ్వ గోడ నిమురుతూ, "మా నాయినమ్మ గీడ రాళ్లు మోసిందట. కట్టించిన దొర పేరు అందరికెరుక. ఆమె పేరు ఎవలకెరుక?" అంది.

"ఏం పేరు లచ్చవ్వా?"

"ఉప్పలమ్మ."

సుప్రజ పుస్తకం తీసి రాసుకుంది. అది చూసి లచ్చవ్వ ముఖం చాటంతైంది.

ఇంతలో పాస్టరమ్మ వచ్చి, "పేరు రాసియ్యండమ్మా, ప్రార్థన చేస్త" అని చీటీ ఇచ్చింది. సుప్రజ చెయ్యి గుళ్లో అర్చన అలవాటు కొద్దీ సాగిపోయింది: రవికాంత్, భారద్వాజ గోత్రం, ధర్మపత్నీ సమేతం.

పాస్టరమ్మ చదివి తెల్లబోయింది. "గోత్రమేందమ్మా? ఆయన రానే రాలేదు గదా. గింత దూరమొచ్చింది నువ్వు. నీ పేరేది?"

లచ్చవ్వ కిసుక్కున నవ్వింది. సుప్రజా నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చీటీ కూడా తనే రాసి, తన పేరు తనే ఎగ్గొట్టుకుంది! ఆయన్ననడం దేనికి?

"సుప్రజ" అంది మెల్లగా.

పాస్టరమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, "ప్రభువా, నీ బిడ్డ సుప్రజ..." అంటూ మొదలుపెట్టింది. తన పేరొక్కటే పట్టుకుని తన కోసం ఒకరు దేవుణ్ణి అడగడం, పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఏ దేవుడైతేనేం, ఆ చేతికి వందసార్లు దండం పెట్టాలనిపించింది. తనను ఇంత దూరం తెచ్చిన లచ్చవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం గుమ్మంలోనే అడిగాడు రవికాంత్, "తెచ్చావా? కాగితాలేవీ?"

"నా దగ్గరే ఉన్నాయండీ. బెంగళూరులో చదివేది నేను. వీలైతే మీరూ వచ్చి వినండి."