నా వీపుకి తెలిసిన సంగతి

నేను ఒక గిటార్‌ని. ఆరు తీగలు, ఒక మెడ, ఒక పొట్ట ఉన్నాయి. నోరు లేదు. పొట్ట మీద గుండ్రంగా కనిపించేదాన్ని చాలామంది నోరనుకుంటారు. అది శబ్దం బయటికి పోవడానికి చేసిన కన్నం మాత్రమే. నిజంగా నోరే ఉంటే ఒక మనిషికి ఒక్క మాట చెప్పి ఉండేదాన్ని. చెప్పలేకపోయాను. ఏడాది కావస్తున్నా ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

నన్ను కలకత్తాలో ఒక ఇరుకు సందులో చేశారు. ఒకాయన నా పక్క చెక్కల్ని తడిపి, బాగా కాల్చిన ఇనప గొట్టానికి ఆనించి మెల్లగా వంచాడు. ఇంకొకాయన వీపు చెక్కని గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ చిత్రిక పట్టాడు. వీపు పల్చగా ఉంటే పాట బాగా మోగుతుందని ఆయన లెక్క. అంత పల్చని వీపు దాని వెనక ఉన్నవాటిని కూడా వింటుందని ఆయనకి తట్టినట్టు లేదు.

విజయవాడలో నన్ను మొదట కొన్నవాడు ఇంజనీరింగ్ విద్యార్థి. నాలుగేళ్ళలో నాతో లెక్కలేనన్ని ఫోటోలు దిగాడు. నేర్చుకున్నది ఒకటిన్నర పాట. ఉద్యోగం రాగానే నన్ను పాత సామాన్ల దుకాణంలో వదిలేసి వెళ్ళాడు. అతని మీద నాకు కోపం లేదు. గోడకి వేలాడిన రోజుల్లో నాకు ఏ బాధా తెలియలేదు.

ఆ దుకాణానికి ఒక సాయంత్రం నాంచారయ్యగారు వచ్చారు. అరవై మూడేళ్ళ మనిషి. తీగల్ని ముట్టుకోలేదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, తల వంచి విన్నారు.

"ఏంటి బాబాయ్, పుచ్చకాయ బేరమా?" అన్నాడు దుకాణం అతను.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు చక్రాలు కొట్టాను నాయనా. పగిలిందేదో బాగున్నదేదో మోతే చెబుతుంది. ఇది బాగుంది."

"ఎవరికి, మనవడికా?"

"నాకే."

అతను నవ్వాడు. నాంచారయ్యగారు కూడా నవ్వారు.

ఆయన రైల్వేలో చేసిన పని అదే. ప్లాట్‌ఫారమ్ మీద రైలు ఆగగానే చిన్న సుత్తి పట్టుకుని బోగీల పక్కనే నడుస్తూ చక్రాల్ని కొట్టడం. మంచి చక్రం గంటలా మోగుతుంది. ఎక్కడైనా పగులుంటే మోత మూగబోతుంది. కంటికి కనిపించని పగుళ్ళని ఆయన చెవి పట్టేది. ఎన్ని రైళ్ళని ఆపించి బోగీలు మార్పించారో ఆయనకే గుర్తులేదు. రిటైరై మూడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. రోజూ నన్ను ఒళ్ళోకి తీసుకునే ముందు పొట్ట మీద మూడుసార్లు కొట్టి, విని, అప్పుడు మొదలుపెట్టేవారు.

ఆయన భార్య ప్రసూన టీచర్. మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంటండీ, ఈ వయసులో?"

"నువ్వు ఏప్రిల్ దాకా బడికి పోతావు. నేనొక్కణ్ణీ ఇంట్లో గోళ్ళు గిల్లుకోమంటావా?"

"మా పిల్లలు చూశారంటే నన్ను ఇంటర్వెల్లో బతకనివ్వరు."

అలా సత్యనారాయణపురంలోని ఆ ఇంటి వరండాలో మా చదువు మొదలైంది. గురువు ఫోన్‌లో ఉండేవాడు, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. "హాయ్ ఫ్రెండ్స్" అన్నప్పుడల్లా నాంచారయ్యగారు "ఆఁ, చెప్పు నాయనా" అని జవాబిచ్చేవారు. వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి, ఒకే పాఠం వారం రోజులు చూసేవారు. లావుపాటి వేళ్ళు. ఒక తీగ నొక్కితే పక్క తీగ మూగబోయేది. వేలి చివర్లు ఎర్రబడి, పొక్కి, చివరికి కాయలు కాశాయి. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నన్ను పట్టుకుని ఫోటో దిగనివాడు ఆయనొక్కడే.

నేర్చుకోవాలనుకున్నది ఒక్క పాట. ప్రసూన టీచర్ కూర తరుగుతూ కూనిరాగం తీసే పాట. ఏప్రిల్ ముప్ఫైన ఆవిడ రిటైర్మెంటు సభలో, స్టాఫ్ అందరి ముందూ అది తప్పు లేకుండా వాయించాలి. ఆవిడకి చెప్పలేదు. ఆవిడకి తెలుసు. వంటింట్లో ఆ రాగం ఇంకాస్త నిదానంగా తీయడం మొదలుపెట్టారు, ఆయన అందుకోగలిగేటట్టు.

గిటార్ ఒళ్ళో పెట్టుకుంటే దాని వీపు మనిషి ఛాతీకి ఆనుతుంది. ఆయన గుండె చప్పుడు నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. రెండేసి దెబ్బలు, చిన్న విరామం, మళ్ళీ రెండు. పట్టాల అతుకుల మీద బోగీ వెళ్ళే చప్పుడు లాంటిది. దాని మీదే నేను తాళం వేసుకునేదాన్ని.

డిసెంబర్లో ఒక ఉదయం అందులో ఒక దెబ్బ లోపించింది. నేను బిత్తరపోయాను. తర్వాత రెండు దెబ్బలు తొందరగా వచ్చి, మామూలుగా నడిచింది. పొరపాటు విన్నానేమో అనుకున్నాను. మర్నాడు మళ్ళీ అదే. సంక్రాంతి సెలవులయ్యేసరికి రోజుకి నాలుగైదుసార్లు. పాటలో చరణం మొదట్లో వేళ్ళు నా మెడ మీదున్న పై మెట్ల మీదికి జరగాల్సిన చోటొకటి ఉంది. అక్కడ ఆయనకి ఊపిరి చాలేది కాదు. ఆగిపోయేవారు. ఒక నిమిషం ఊరకే కూర్చుని, మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవారు.

ఆయన చెవి ఊరుకోలేదు. ఎక్కడో తేడా ఉందని పట్టేసింది. ఎక్కడుందో మాత్రం పట్టలేదు. నన్ను గాంధీనగర్ రిపేరు షాపుకి తీసుకెళ్ళారు.

"దీంట్లో ఎక్కడో పగులుంది. చూడు నాయనా. ఏప్రిల్ ముప్ఫైకి పాట తప్పకూడదు."

అతను అద్దంతో లోపలంతా చూశాడు. "చెక్కు చెదరలేదు సార్. మీరే కంగారు పడుతున్నారు."

పగులు నాలో లేదు. నేను అరవాలనుకున్నాను. తీగలు వాటంతటవి మోగవు.

ఫిబ్రవరిలో ఎడమ చెయ్యి నొప్పి మొదలైంది. అది మెట్లు నొక్కే చెయ్యి. మొదట వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి మీదుగా భుజం దాకా. ఫోన్‌లో కుర్రాడు, "నొప్పి మామూలే ఫ్రెండ్స్, మూడు నెలలు ఓర్చుకోండి, మానేయకండి" అన్నాడు. ఆయన తల ఊపారు. రాత్రి భోజనాల దగ్గర ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ప్రసూన టీచర్ జండూబామ్ రాస్తూ అన్నారు:

"మొదట్లో అంతే ఉంటుందండీ. పెద్ద లెక్కలిస్తే మా పిల్లలూ వేళ్ళు లాగుతున్నాయంటారు. రాయగా రాయగా అదే పోతుంది. ఇంత దూరం వచ్చి మధ్యలో వదిలేస్తే నేను ఊరుకోను."

"వదలనులేవే. రెండు నెలలేగా."

ఆవిడ ముప్ఫై ఐదేళ్ళుగా పిల్లలకి చెబుతున్న మాటే అది. అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

మార్చి రెండో ఆదివారం, పొద్దున తొమ్మిది దాటింది. వంటింట్లో ఉప్మా కోసం ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు. నాంచారయ్యగారు వరండాలో కూర్చుని నా పొట్ట మీద మూడుసార్లు కొట్టారు. విన్నారు. పల్లవి తప్పు లేకుండా వచ్చింది. అంత బాగా ఎప్పుడూ రాలేదు. వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. ఆవిడ వింటున్నారు. చరణం మొదట్లో, వేళ్ళు పైకి జరగాల్సిన చోట, పాట ఆగింది.

ఎప్పుడూ ఆగే చోటే.

"మళ్ళీ మొదటికొచ్చిందా?" అన్నారు ఆవిడ లోపలినుంచి నవ్వుతూ.

నా వీపు మీద ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత లేదు. ఆయన బరువంతా నా మీదికి ఒరిగింది.

ఆవిడ పోపు వేశారు. ఆయన మళ్ళీ ఎత్తుకుంటారని ఎదురుచూశారు. ఆ నిశ్శబ్దం ఆవిడకి అలవాటైనదే. రవ్వ పోసి, కలిపి, మూత పెట్టి, "చల్లారిపోతుంది, రండి" అని పిలిచారు. రెండోసారి పిలిచారు. అప్పుడు వచ్చి చూశారు.

గరిట చేతిలోనే ఉంది. నన్ను ఆయన చేతుల్లోంచి తీసి, జాగ్రత్తగా గోడకి ఆనించారు. ఆ జాగ్రత్త నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత వచ్చిన బంధువులు నన్ను చూసి మొహం చిట్లించారు. "ముసలితనంలో ఈ పాటలేంటి? దీనివల్లే అయింది. ముందు బయట పారెయ్ వదినా" అంది ఆయన చెల్లెలు. మనుషులకి దుఃఖం వస్తే నింద మోయడానికి ఒక వస్తువు కావాలి. మోయడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రసూన టీచరే ఒప్పుకోలేదు. నా ఎదురుగా కూర్చుని ఆసుపత్రిలో జరిగింది ఆ ఆడపడుచుకి చెప్పారు.

"ఎడమ చెయ్యి నొప్పి ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు డాక్టరు. నెలరోజులండీ, గిటార్ నేర్చుకుంటున్నారు, అందుకని అన్నాను. రాస్తున్న పెన్ను కింద పెట్టేశాడు."



ఏప్రిల్ ముప్ఫైన సభ వద్దన్నారు ఆవిడ. హెడ్మాస్టరు ఇంటికే వచ్చి శాలువా ఇచ్చి వెళ్ళారు. దాన్ని విప్పకుండానే బీరువాలో పెట్టారు. నేను వరండా గోడకి అలాగే ఉన్నాను. ఆయన చివరిసారి నొక్కిన చోట తీగ మీద దుమ్ము పడుతుంటే చూస్తూ ఉన్నాను.

ఈ జనవరిలో ఒక ఉదయం ఆవిడ నా దగ్గరికి వచ్చారు. కొంగుతో తుడిచారు. ఒళ్ళో బోర్లా పడుకోబెట్టి, నా వీపు మీద, ఆయన ఛాతీ ఆనే చోట, చెవి పెట్టారు. చాలాసేపు. తర్వాత వేలి కణుపుతో మూడుసార్లు కొట్టారు.

"నీకు తెలుసు కదూ?" అన్నారు.

నాకు చేతనైన జవాబు మోగడమే. మోగాను.

ఇప్పుడు ఆవిడే నేర్చుకుంటున్నారు, ఒంటరిగా, అదే వరండాలో, అదే కుర్రాడి దగ్గర. వేళ్ళు సన్నవి కాబట్టి తీగలు త్వరగా మాట వింటున్నాయి. మొన్న ఆ కుర్రాడు "నొప్పి మామూలే ఫ్రెండ్స్" అనే పాఠం వచ్చింది. ఆవిడ ఫోన్ ఆపేశారు. ఆగిపోయిన ఆ మొహం వంక చూస్తూ, తరగతిలో పిల్లాడితో మాట్లాడినట్టు, మెల్లగా అన్నారు:

"ఎక్కడ నొప్పి అని అడగాలి నాయనా. ముందు అది అడగాలి."

తన ఎడమ చెయ్యి ఎత్తి, వేలి చివర ఎర్రబడిన గీత చూసుకున్నారు. అక్కడే. మణికట్టు తిప్పి చూసుకున్నారు, మోచెయ్యి, భుజం. తర్వాత నన్ను మళ్ళీ ఛాతీకి ఆనించుకున్నారు.

నిన్న చరణం దాకా వచ్చారు. వేళ్ళు పై మెట్ల మీదికి జరగాల్సిన చోట ఆగిపోయారు. నేను కొయ్యబారిపోయాను. నాకు ఆరు తీగలున్నాయన్న సంగతే మరచి వీపు మొత్తం చెవి చేసుకుని విన్నాను.

రెండు దెబ్బలు. చిన్న విరామం. మళ్ళీ రెండు.

ఆవిడ ఊపిరి పీల్చుకుని పై మెట్టు నొక్కారు.