మోగినంతసేపూ

“ఒకసారిలా వచ్చి పట్టుకో” అని షెడ్డులోంచి పిలిచారు మా ఆయన. నేను పొయ్యి మీంచి పప్పు దించుతున్నాను. ఈ రోజు అప్ప, అంటే మా అక్క, నెలమాసికం. ఎస్.కోటలో వాళ్ళింటికి వెళ్ళాలి. బయల్దేరేముందు బ్యాటరీ ఇంకోసారి చూసుకోవాలట.

పాత మారుతి వ్యాన్‌లోంచి ఇంజను పీకేసి, బ్యాటరీలు పెట్టి, దాన్ని కరెంటు బండి చేశారాయన. అరకులో పెద్ద పేరొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ టీలు నావి. ఆయన తీసే వీడియోల్లో అంచున రెండు చేతులు కనిపిస్తాయి, అవీ నావే. మీటరు వైర్ల చివరుండే సూదులు రెండూ బ్యాటరీకి ఆనించి పట్టుకోవడం నా పని. అంకెలు చూడటం ఆయన పని. “ఎర్రది ఇక్కడ, నల్లది ఇక్కడ. కదపకు” అంటారు. “మా గుంటడికి బుర్రంతా కరెంటే. నీకేటి తెల్సు, పట్టుకోమన్నది పట్టుకో” అంటుంది మా అత్త, యాభై దాటిన కొడుకుని చూసి మురిసిపోతూ.

నెల కిందట, అప్ప పోయిన రోజు పొద్దున్నే ఆమె కూతురు భానుశ్రీ ఫోన్ చేసింది. “అమ్మకి ఊపిరందట్లేదు పిన్నీ, బేగి వచ్చీ. నిన్నే అడుగుతోంది.” తల్లి లేని నన్ను పెంచింది అప్పే. బస్సుకి వెళ్దామన్నాను. “ఇంట్లో కారెట్టుకుని బస్సేటి? మీవోళ్ళు నవ్వరా? రాత్రే నిండా ఛార్జింగ్ పెట్టాను” అన్నారు.

ఘాట్ దిగుతుంటే టైడా రాకముందే బండి ఆగిపోయింది. బ్యాటరీకి కాపలాగా ఒక పెట్టె ఉంటుంది, బీఎంఎస్ అంటారాయన. ఏ కాస్త తేడా కనిపించినా కరెంటు ఆపేస్తుంది. ఎందుకాపిందో మాత్రం చెప్పదు. ఆయన సీటు కింద మూత తీసి సూదులు నా చేతికిచ్చారు. ఒక్కొక్క సెల్లూ చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. “అలా ఉండటానికి వీల్లేదు” అని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు.

మేం ఎక్కాల్సిన బస్సే వచ్చి మా పక్కన ఆగింది. “ఏటి బాబూ, బండి మొరాయించినాదేటి? ఎక్కీండి, కోటలో దింపెత్తాను” అన్నాడు కండక్టరు. నేను వెళ్తానన్నాను. ఆయన మీటరు మీంచి తలెత్తకుండానే, “నువ్వెళ్ళిపోతే ఇవెవరు పట్టుకుంటారే?” అన్నారు. కండక్టరు నవ్వాడు. అలాంటి మాటలకి ఆగిపోవడం నా కాళ్ళకి పాతికేళ్ళ అలవాటు. బస్సు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

సంచిలో ఫోన్ మోగింది.

“మోగనీ. సూది జారిందంటే నిప్పులు లేస్తాయి” అన్నారు. మోగి మోగి ఆగింది.

సాయంత్రానికి బండి తనంతట తనే లేచింది. మేం వెళ్ళేసరికి అప్పని అరుగు మీద పడుకోబెట్టారు. భానుశ్రీ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “అమ్మ చెవి దగ్గర ఫోన్ పట్టుకున్నాను పిన్నీ. మోగినంతసేపూ వింది” అంది.

వారం పోయాక ఆయనకి అసలు సంగతి తెలిసింది. పల్లంలో దిగేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీలోకి తోస్తుందట. నిండా ఉన్నదాంట్లో ఇంక చోటెక్కడిది? అందుకే పెట్టె ఆపేసింది. కొండ మీద కాపురముండేవాళ్ళు అంచుదాకా నింపకూడదట, కాస్త ఖాళీ వదలాలట. సంబరంగా వంటింట్లోకి వచ్చి చెప్పారు. “చూశావా, దేన్లోనూ తప్పు లేదు.” నేను అన్నం వారుస్తున్నాను. వారుస్తూనే ఉన్నాను. ఆ సంగతి మీద వీడియో కూడా పెట్టారు. అందులోనూ నా చేతులున్నాయి.

ఇప్పుడు షెడ్డులో మళ్ళీ ఎర్రది ఇక్కడ, నల్లది ఇక్కడ.

“ఇంక ఆగదు. ఈసారి గంటన్నరలో దించేస్తాను నిన్ను” అన్నారు.

ఈసారి. అక్కడ నా కోసం ఎదురుచూసే అప్ప లేదు.

సూదులు రెండూ తీసి, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా సీటు మీద పెట్టాను. చేతులు కడుక్కుని సంచి తీసుకున్నాను.

“ఏటి, ఎక్కడికి?”

“బస్సుకి.”

“మరి ఇవెవరు పట్టుకుంటారు?”

గేటు దాటాక భానుశ్రీకి ఫోన్ చేశాను. ఒక్కసారి మోగగానే ఎత్తింది.