ఊరికే దొరికిన చేపలు

తిరుమలరావు మెప్పు కోసం ముఖం వాచిన మనిషి. ఆనకట్ట మీద ఇంజనీరుగా ఇన్నేళ్లు చేసినా బాగుందన్నవాడు లేడు. అలాంటిది ఒకే వారంలో రెండు మెప్పులు దక్కాయి పాపం.

మొదటిది మీటింగులో. జలాశయం అడుగున పేరుకున్న బురదను తూముల్లోంచి కింద పారే గెడ్డవాగులోకి వదలాలి. కొంచెం కొంచెంగా వదలాలి, వెనకే తేటనీళ్లు పంపి గెడ్డను కడగాలి. అది అతనికి బాగా తెలుసు. అయినా, "నగరానికి తాగునీటికే కటకట సార్, కడగడానికి దండగ. ఒక్కసారే తూములెత్తేద్దాం" అన్నాడు. పై అధికారి అందరి ముందూ భుజం తట్టాడు.

రెండో మెప్పు ఆదివారం కూర్మన్నపాలెంలోని ఇంటికే వచ్చింది. భార్య రోజారమణి అన్న సింహాద్రి షేర్ ఆటో దిగి, చేపలబుట్ట గుమ్మంలో దించాడు. ఆనకట్ట కింది ఊళ్లో గెడ్డను నమ్ముకుని వల వేసి బతికే మనిషి.

"అంతా నీ సలవే బావా! తూములెత్తినావో లేదో, సేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిసీసినాయి. వలెందుకు, సేతుల్తోనే పట్టీసినాం. మా బావ వొదిలిన నీళ్లని ఊరంతా సెప్పినాను!"

తిరుమలరావు నవ్వాడు. ఊపిరాడకే చేపలు నోళ్లు తెరిచాయని అతనికి తెలుసు. చెవులు వేడెక్కాయి.

పెరట్లో కత్తిపీట ముందు కూర్చున్న రోజారమణి కేకేసింది. "అన్నియ్యా, మొప్పల్నిండా బురదేటి? ఎన్నిసార్లు కడిగినా వొదల్నేదు. అన్నీ గుడ్ల సేపలే. తొలి వానల్లో ఇలాటివి పడితే నాయిన వొదిలీసీవోడు కదా?"

"నాయిన వొదిలితే అయి బతికీవి. ఇయి ఎలాగా బతికీలా నేవు," అన్నాడు సింహాద్రి మామూలుగా.

మధ్యాహ్నం పులుసుతో అన్నం పెట్టింది. తిరుమలరావు ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. సింహాద్రి మాత్రం లొట్టలేస్తూ తింటున్నాడు.

"మళ్లీ ఎప్పుడెత్తుతావ్ బావా? ముందుగాల ఓ ఫోన్ కొట్టు. పక్కూరోళ్లని కూడా పిలుత్తాను."

చూద్దాంలే అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదురుగా కంచం నిండా చేపల గుడ్లు.

"ఎత్తినా ఇంక సేపలుండవు బావా," అన్నాడు తిరుమలరావు. "గెడ్డ అడుగంతా బురద మేటేసింది. పెట్టిన గుడ్లు దాని కింద సచ్చిపోయుంటాయి. వెనకే మంచినీళ్లు వొదిలుంటే ఇంత జరిగీది కాదు. దండగని నానే ఒద్దన్నాను."

సింహాద్రి చెయ్యి కంచంలో ఆగిపోయింది. తిడితే బాగుండును. తిట్టలేదు.

"నీ పేరు సెప్పి ఇంటింటికీ పంచినాను బావా," అన్నాడు మెల్లగా. లేచి చెయ్యి కడుక్కుని, ఖాళీ బుట్ట తీసుకుని బయటికి నడిచాడు.

తిరుమలరావు ఎంగిలిచేత్తోనే రోడ్డు దాకా పరిగెత్తాడు. "రేపే ఆఫీసులో అడిగి గెడ్డలోకి నీళ్లు వొదిలిత్తాను బావా. తప్పు నాదని సెప్తాను."

"ఆఫీసులో రేపు సెప్పుదువు. ఊర్లోవోళ్లు నన్నడుగుతారు. నాను సెప్పనేను, నాకు సిగ్గు."

సిగ్గు పడాల్సిన మనిషి ఎవరో, పడుతున్నది ఎవరో! తిరుమలరావు తల ఎత్తలేకపోయాడు.

ఆటో వచ్చింది. సింహాద్రి ఎక్కి, బుట్ట ఒళ్లో పెట్టుకుని, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఎక్కు బావా. నువ్వే సెప్పాల."