గాలి చూసే పౌలు

పలచటి గుడ్డ కట్టిన అగ్గిపెట్టెను పౌలు వెదురుకర్రతో గిడ్డంగి నేలమీదుగా లోపలికి నెట్టాడు. పెట్టెలో ఏడు ముక్కుపురుగులు, ప్రాణంతో ఉన్నవి. తను గడపకు దూరంగా గొంతుక్కూచున్నాడు.

నంద్యాల రైలు స్టేషను వెనక ఉన్న ఆ గిడ్డంగుల్లో నాలుగేళ్లుగా జొన్నబస్తాలకు పురుగుమందు పట్టించేది అతనే. డబ్బాలోని మందును దొంతరమీద చల్లి రెండు రోజులు తలుపులు మూస్తే, దాని ఆవిరి బరువుగా కిందికి దిగి పురుగులను చంపుతుంది. తెరిచాక ఆవిరి పూర్తిగా పోయిందో లేదో చెప్పే సాధనమేదీ అక్కడ లేదు. ఈ పురుగుల పద్ధతి పౌలు సొంతంగా కనిపెట్టుకున్నదే.

ఆళ్లగడ్డ లారీ ఎదురుచూస్తోంది. గుమాస్తా శేషయ్య ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

“ఇంగ ఎంతసేపప్పా? తెరిచి రెండు గంటలాయె.”

“అది పురుగులు చెప్పల్ల సామీ.”

పౌలు కర్రతో పెట్టెను వెనక్కి లాక్కున్నాడు. “నాలుగు పడిపోయినాయి. మూడు తిరుగుతాండాయి. ఇంగా ఉంది లోపల.”

శేషయ్య మొదటిసారి దగ్గరికొచ్చి పెట్టెలోకి వంగి చూశాడు. “పాతరల్లో దీపం దించి చూస్తారంట గదా. ఈడ అట్ల చూడరాదా?”

పౌలు నవ్వాడు. ఆళ్లగడ్డలో తండ్రితో కలిసి, నేలలో తవ్వి జొన్నలు దాచే పాతరలు తీసేటప్పుడు అతనికి పద్దెనిమిదేళ్లు. ఒకరోజు తొందరలో దీపం దించకుండానే అన్న ఏసయ్య పాతరలోకి దిగాడు. రెండుసార్లు పిలిస్తే పలికాడు. మూడోసారి పలకలేదు. ఆ తరువాత ముప్పయ్యేళ్లు పౌలు దీపం దించని పాతరలో కాలుపెట్టలేదు. ఆ దీపం ఎందుకు ఆరుతుందని పంతులునూ, పాదిరినీ అడిగాడు. చెడుగాలి అన్నారు. అది పేరే గాని జవాబు కాదనిపించింది అతనికి.

“ఈడికొచ్చిన కొత్తలో దించినా సామీ. లాంతరు నిమ్మళంగ వెలిగింది. నమ్మి లోపలికి పోయి పడిపోయినా. కాళ్లు పట్టి లాగినారు. మెలకువొచ్చి, దీపం ఆరిందా అని అడిగినా. ఆర్లేదన్నారు. దీపం ఆర్పే గాలి వేరే, మనిషిని పడేసే గాలి వేరే.”

“వాసన తెలుస్తాది గదా?”

“మొదట తియ్యగ తగుల్తాది. రోంతసేపటికి ముక్కు మరిచిపోతాది. ముక్కును నమ్మొద్దు.”

ఎండ బాగా ముదిరాక మళ్లీ పెట్టిన కొత్త పురుగులు ఏడూ తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు హమాలీలు లోపలికి వెళ్లారు.

మధ్యాహ్నం భార్య దేవమ్మ సంగటి తెచ్చింది. రెండు ముద్దలకే పౌలు చెయ్యి కడుక్కున్నాడు. కాలేయం చెడి అతని కళ్లు పచ్చగా ఉన్నాయి. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

“కారిజం చెడింది, ఆ మందు కాడికి పోవద్దని డాక్టరు చెప్పినాడా లేదా?”

“చెప్పినాడు. ముక్కుతో పీల్చింది కారిజానికి ఎట్ల దారి పట్టిందో అడిగితే మటుకు చెప్పకపాయె.”

“తెలుసుకోని ఏం చేస్తావ్? మానుకో.”

“ఎవురికన్నా నేర్పిచ్చి మానుకుంటా. ఊరికే పోతే ఎవురో ఒకరు దీపాన్ని నమ్ముతారు.”

రెండో గిడ్డంగికి మందు చల్లే ముందు పౌలు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొసను శేషయ్య చేతిలో పెట్టాడు. “పిలుస్తాండు సామీ. పలక్కపోతే లాగు. నువ్వు మాత్రం లోపలికి దుమకొద్దు. మా యన్న యెనకే మా నాయన దిగబోతే నలుగురు పట్టినారు.”

శేషయ్య రుమాలు జేబులో పెట్టి రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. పిలిచిన ప్రతిసారీ లోపలినుంచి పౌలు పలికాడు. బయటికి వచ్చి, చాలాసేపు గోడకానుకుని ఊపిరి తీసుకుని, తలుపు సందులకు తడిమట్టి మెత్తాడు.

మరునాటి తెల్లవారుజామున దేవమ్మ లేపితే లేవలేదు. సాయంత్రానికి పాదిరి వచ్చి ప్రార్థన చేశాడు. సమాధుల దొడ్డిలో శేషయ్య చివరిదాకా నిలబడ్డాడు.

ఆ మరుసటి రోజు లారీ పొద్దున్నే వచ్చింది. డ్రైవరు హారను మోగించి, “తలుపు తియ్యండప్పా, తొందరగ!” అని అరిచాడు.

“మొన్న నాలుగ్గంటలకు మూసినాం. ఈ పొద్దు నాలుగ్గంటలకే తీసేది. ఆ పైన గాలి చూడల్ల,” అన్నాడు శేషయ్య. “పొద్దు పోతే రేపు పోతావ్. బండి నిలబెట్టుకో.”

హమాలీలు నీడకు పోయి కూర్చున్నారు. మూసిన తలుపుమీద మట్టి ఎండి బీటలిచ్చింది. దానిమీద, పైనుంచి గడపదాకా, నాలుగు వేళ్ల గీతలు.