ఏడు రోజులు కరగని జెల్

నా నోరంటే ల్యాబ్‌లో అందరికీ హడల్. అలాంటి నోరు మూడు వారాలు మూతపడింది.

మా దగ్గర జెల్ చేసేది జిడ్డు బాబాయ్. చేతులు ఎప్పుడూ కొవ్వుతో మెరుస్తుంటాయని ఆ పేరు నేనే పెట్టాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ కొవ్వును కొలత ప్రకారం నీళ్లలో కలిపితే దానంతట అదే గదులు గదులుగా పేర్చుకుని గట్టిపడుతుంది. ఆ గదుల్లో మందు పెడతాం. కడుపులో ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును ముక్కలు చేసి గదుల్ని కూల్చేస్తుంది. దాని ముందు జెల్ ఎన్నాళ్లు నిలుస్తుందో చూడటం నా పని.

ఆ రోజు ఆకలి మీదున్నాను. పరీక్షకని మరిగించిన నీళ్లు చల్లారకుండానే ఎంజైమ్ పోసేశాను. ఉడికిన తెల్లసొనలా తరకలు తేలాయి. ఎంజైమ్ చచ్చిందని ఆ క్షణమే తెలుసు. కానీ ఉన్నది ఒక్కటే సీసా, మేనేజర్‌తో చీవాట్లు ఎవరు తింటారు? అందులోనే జెల్ వేసేశాను. చచ్చింది ఏం కొరుకుతుంది నా మొహం! "ఏడు రోజులు, చెక్కుచెదరలేదు" అని రాసిచ్చాను.

తర్వాత బాబాయ్ చేసిన జెల్‌ని బయటి ల్యాబ్‌కి పంపితే, అక్కడ రెండు గంటల్లో పాలనీళ్లయిపోయింది. మేనేజర్ నా కాగితం చూసి, ఈసారి బాబాయే నీళ్ల కొలత తప్పాడని తేల్చేశాడు. వచ్చే సోమవారం నుంచి ఆయనకు సీసాలు కడిగే పని.

"వయసైపోయింది కదమ్మా, చెయ్యి తప్పుంటుంది," అన్నాడు బాబాయ్. నీళ్లు తీసి తూకం వేసేవాడు, మళ్లీ తీసేవాడు. ప్రతిసారీ కొలత సరిగ్గానే వచ్చేది. అయినా తనని తాను నమ్మడే. చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

శుక్రవారం సాయంత్రం ఆయన కోటు మడతపెడుతుంటే ఇక ఆగలేకపోయాను.

"బాబాయ్, తప్పు నీది కాదు. నేనే ఎంజైమ్‌ని వేడినీళ్లలో చంపేశాను. తెలిసే రాసిచ్చాను."

చెంప పగలగొట్టినా పడదామని నిలబడ్డాను.

"అంటే జెల్ అసలు నిలవదన్నమాట. రెండేళ్ల పని పోయినట్టే," అన్నాడు బాబాయ్.

"అవును."

"మరి నేను కలిపింది?"

"సరిగ్గానే కలిపావు బాబాయ్."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మయ్య. చెప్పి పుణ్యం కట్టుకున్నావమ్మా."

నాలుగు తిట్టుంటే ఇంత బాధ ఉండేది కాదు. వెళ్లి మేనేజర్ గది తలుపు తట్టాను. వెనక బాబాయ్ ఏడుస్తూ నాకు దండం పెడుతున్నాడు.